క్రాసింగ్ చేసే చేతులకు కంప్యూటర్ అందదా?

సైంటిస్టులు ట్యూషన్ చెప్పే కాలం వచ్చింది. జీవశాస్త్రం, ప్రోగ్రామింగ్ రెండూ నేర్పుతమంటున్నరు. గంటకింత అని ఫీజు. పాఠం ఇంగ్లిష్‌లో. పట్నంలో పైసలున్న ఇంటి పిల్లగాడు ఇంట్లనే కూసొని వింటడు. మంచిదే, తప్పు పట్టేదేం లేదు. కానీ ఆ సైంటిస్టు గద్వాలకు ఎందుకు రాడు? వనపర్తికి, నాగర్‌కర్నూల్‌కు ఎందుకు రాడు?

మన పిల్లలకు ఆ చదువు ఎక్కదంటరా? నడిగడ్డ సీడు పత్తి చేన్లు చూడండి. తెల్లారితే విచ్చుకునే మొగ్గను సాయంత్రమే పట్టి, గోటితో రేకలు, పుప్పొడి తిత్తులు తీసి గుర్తు పెడతరు. పొద్దున మగ పువ్వు తెచ్చి రుద్దుతరు. దీన్నే ఇక్కడ క్రాసింగ్ అంటం. బాటనీ పుస్తకంలో దీని పేరు కృత్రిమ పరాగ సంపర్కం. కూలి తక్కువని, చేతులు చిన్నగ ఉంటయని ఎంతమంది పిల్లలను బడి మాన్పించి ఈ పనికి దింపిండ్రో పాలమూరుకు తెలుసు. 2002లో దేశంలో అనుమతి పొందిన బీటీ పత్తిలో మట్టి బ్యాక్టీరియా జన్యువు ఉన్నది. కాయ తొలిచే గులాబీ పురుగు ఆ విషానికి ఎట్ల తట్టుకున్నది? పంట పోయి అప్పులపాలైన రైతు బిడ్డకు ఈ సంగతి చెప్పిందెవరు?

ప్రోగ్రామింగ్ కూడా మనకు కొత్త గాదు. గద్వాల చీర అంచు మీది బుటా జకార్డు అట్టల నుంచి వస్తది. అట్టకు రంధ్రం ఉంటే పోగు లేస్తది, లేకుంటే లేవదు. ఒకటి, సున్నా! ఫ్రాన్స్‌లో జకార్డ్ 1804లో చేసిన ఆ మగ్గం అట్టలనే చూసి బాబేజ్ తన లెక్కల యంత్రానికి అట్టలు అనుకున్నడు. మన నేతన్న కొడుకు ఆ అట్టలు రోజూ చూస్తడు. అది కంప్యూటర్‌కు తాత అని మాత్రం వానికి ఎవరూ చెప్పరు.

ఈ రెండు చదువులు ఇప్పుడు ఒక్కటైనయి. మనిషి జన్యువుల గ్రంథంలో దాదాపు మూడు వందల కోట్ల అక్షరాలు. కంప్యూటర్ లేకుండ దాన్ని ఎవరు చదువుతరు? నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ అడవిలో కెమెరాలకు చిక్కిన పులులను చారలను బట్టి గుర్తుపట్టేది కూడా ప్రోగ్రాంతోనే. ఆ అడవి అడుగడుగు తెలిసినోళ్లు చెంచులు. ప్రోగ్రాం రాసేటోళ్లు మాత్రం ఎక్కడోళ్లో! మన ఇంటర్ చదువేమో ఇంకా గోడ కట్టే ఉన్నది. ఎంపీసీ వాడికి జీవం లేదు, బైపీసీ పిల్లకు లెక్కలు లేవు.

2016లో జిల్లాలైనయి. 2022లో వనపర్తికి, నాగర్‌కర్నూల్‌కు, 2024లో గద్వాలకు మెడికల్ కాలేజీలు వచ్చినయి. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ 1959 నుంచే ఉన్నది. గోడలకు కొదువ లేదు. సర్కారు బడి పిల్ల ఆ గడప తొక్కే దారి కావాలె.

అందుకే మన గడ్డ మీద పుట్టి ల్యాబులల్ల, అమెరికాల స్థిరపడ్డ సైంటిస్టులను అడుగుతున్నం. ఆదివారం రెండు గంటలు ఇయ్యండి. తెలుగులో చెప్పండి. తొమ్మిదో తరగతి నుంచే, గోడ లేవకముందే మొదలుపెట్టండి. పత్తి పువ్వు నుంచి, జకార్డు అట్ట నుంచి పాఠం ఎత్తుకోండి. ఫీజు మాట ఎత్తకండి. ఈ చేన్ల కూలి మీదనే సీడు కంపెనీలు ఎదిగినయి, ఆ బాకీ ఇంకా తీరలేదు.

సర్కారుకూ ఒక మాట. సైంటిస్టు వస్తున్నడని సైన్సు టీచర్ల ఖాళీలు మరిచిపోతమంటే కుదరదు. పోస్టులు నింపాలె, తాళాలేసిన కంప్యూటర్ గదులు తెరవాలె. ట్యూషన్ తోడు మాత్రమే, బడి హక్కు.

పాలమూరు బిడ్డ అంటే ఇన్నాళ్లూ రెండు చేతులే అనుకున్నరు. తలకాయ కూడా ఉన్నదని లెక్కలోకి తీసుకునే రోజు రావాలె.