నోటిమాట కాదు, కాగితం ఇవ్వండి

మన వాడలో ఇల్లు అమ్ముకునేది సంబరానికి కాదు. ఆసుపత్రి ఖర్చుకో, వడ్డీ అప్పుకో. బయానా తీసుకుని రిజిస్ట్రారు ఆఫీసుకు పోతే ఏమంటున్నారు? "సర్వరు పనిచేయట్లే, రేపు రా." రేపు పోతే "మీ సర్వే నెంబరు 22-ఏ జాబితాలో ఉంది, పో." చదువుకున్న మేము వెంట పోయినా నిలబెట్టే మాట్లాడుతున్నారు. రెండు రోజుల కూలి పాయె. కొనేవాడేమో అదను చూసి సగం ధరకు తెల్లకాగితం మీద రాయించుకుంటాడు.

సర్కారు ఇచ్చిన స్థలాలకు 1977 అసైన్డ్ భూముల చట్టం ఉంది. మన స్థలాలు పెద్దోళ్లు కాజేయకుండా పెట్టిన చట్టమది, దాన్ని మేము తప్పుపట్టం. కానీ తాతలనాటి సొంత ఇళ్లను కూడా ఆ జాబితాలో కలిపేసి, ఎందుకో చెప్పకపోతే ఎట్లా?

1908 రిజిస్ట్రేషను చట్టం 71వ సెక్షను ప్రకారం, దస్తావేజు తిరస్కరిస్తే సబ్ రిజిస్ట్రారు కారణం రెండో నెంబరు పుస్తకంలో రాయాలి. మనం దరఖాస్తు పెడితే నకలు ఉచితంగా ఇవ్వాలి. ఆ ఉత్తర్వు మీద 30 రోజుల్లో జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకోవచ్చు. నోటిమాట మీద అప్పీలు ఎట్లా చేస్తాం? అందుకే వాళ్లు నోటితోనే సరిపెడతారు.

ఇకమీదట ఒంటరిగా పోవద్దు. సంఘం వాళ్లను ఇద్దరిని తీసుకుపోండి. దస్తావేజు దాఖలు చేసి, కాదంటే కారణం రాసిచ్చేదాకా అక్కడే కూర్చోండి.