కాళ్లకు కునుకు పట్టని రాత్రులు

రాత్రి రెండు దాటాక ఫోను మోగితే కాపరి ఇంట్లో అందరికీ ఒకటే భయం, ఎవరో పోయారని. ఆ రాత్రి అటునుంచి వచ్చిన మాట వేరు. "అయ్యగారూ, నొప్పి కాదు. కాళ్లే నన్ను మంచం మీద ఉండనివ్వట్లేదు. ఎముకల లోపల చీమలు పాకుతున్నట్టుంది. లేచి నాలుగడుగులు వేస్తే పోతుంది, నడుం వాల్చగానే మళ్లీ మొదలు. నాకేమైనా పట్టిందంటారా?"

ఆమెది చెన్నైలో వ్యాసర్‌పాడి. నెల్లూరు వైపు నుంచి రెండు తరాల కింద మద్రాసు వచ్చిన కుటుంబం. నాలుగిళ్లలో పనిచేస్తారు, మొదటి ఇంటికి ఉదయం ఐదున్నరకల్లా చేరాలి. భర్త పోయిన ఏడాది నిద్ర పట్టక ఒక క్లినిక్కుకు వెళ్తే అల్ప్రాజొలామ్ అర మిల్లీగ్రాము రాసిచ్చారు, పది రోజులకు. ఆ పది రోజులు తొమ్మిదేళ్లయ్యాయి. కొన్నాళ్లు ఆ చీటీయే చూపించేవారు. అది మడతల దగ్గర చిరిగిపోయాక మందుల షాపులో చీటీ అడగడమే మానేశారు.

మరి తొమ్మిదేళ్ల మాత్రను ఆమె ఎందుకు మానేశారు? మేము మానమన్నాం గనుక. ఆ ముందటి శుక్రవారం ఉపవాస కూటంలో 127వ కీర్తన మీద మాట్లాడుతూ, నిద్రనిచ్చే దేవుడుండగా మాత్రతో పనేమిటని అడిగాము. ఈ రాత్రి నుంచే మానేస్తామన్నవాళ్లు చేతులెత్తమన్నాము. అందరికన్నా ముందు ఆమె చెయ్యి లేచింది. చప్పట్లు కొట్టించింది కూడా మేమే. ఆమె ఇంటికెళ్లి మిగిలిన మాత్రలన్నీ మురుగుకాలవలో పారేశారు. ఫోను వచ్చింది మూడో రాత్రి.

నాలుగో రోజుకు చేతులు వణకడం, ఒళ్లంతా చెమటలు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం. ఆటోలో ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లాము. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ సంగతంతా విని, మా చంకలోని బైబిలు వైపు ఒకసారి చూసి, "ఫిట్స్ వచ్చి ఉంటే ఎవరు బాధ్యులు సార్?" అని తమిళంలో అడిగారు. మాత్ర తిరిగి మొదలుపెట్టించారు. ఆవేళ ఆ ప్రశ్నకు మా దగ్గర మాట లేదు. ఈ సంపాదకీయం దానికి ఆలస్యంగా రాస్తున్న జవాబు.

ఈ మందుల సంగతి కొంత తెలుసుకోవాలి. 1960లో లిబ్రియమ్, 1963లో వేలియమ్ మార్కెట్లోకి వచ్చాయి. అల్ప్రాజొలామ్, క్లోనజెపామ్, లోరాజెపామ్ అన్నీ అదే కుటుంబం. మెదడులో నరాల ఉద్రేకాన్ని తగ్గించే గాబా అనే రసాయనం ఒకటుంది. ఈ మాత్రలు దాని పనికి బలమిస్తాయి. నెలలు, ఏళ్లు గడిచేకొద్దీ మెదడు ఆ అరువు బలానికి అలవాటుపడి తన సొంత బ్రేకులను సడలించుకుంటుంది. అప్పుడు మాత్రను ఒక్కసారిగా లాగేస్తే, బ్రేకు లేని బండి ఏమవుతుందో అదే అవుతుంది. నిద్ర పోతుంది, గుండె దడదడలాడుతుంది, కండరాలు బిగుస్తాయి, కాళ్లు ఒకచోట నిలవవు. కొందరికి మూర్ఛలు వస్తాయి, ప్రాణం మీదికీ వస్తుంది. ఇది బలహీన విశ్వాసం కాదు. ఏళ్ల తరబడి ఈ మాత్ర మింగిన ఒంటికి, అది పాస్టరుదైనా సరే, ఇదే ముప్పు ఉంది.

తెలుగువాళ్లమైన మనం దీన్ని ఊళ్లకు ఊళ్లే అనుభవించగా చూశాము. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు ముమ్మరమైనప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆస్పత్రులకు జనం వందల్లో వచ్చారు. కల్లు తాగి వచ్చినవాళ్లు కారు, కల్లు దొరక్క వచ్చినవాళ్లు. ఆ కల్లులో ఏళ్లుగా కలుస్తున్నది అల్ప్రాజొలామ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్. అది ఒక్కసారిగా ఆగేసరికి వణుకు, మూర్ఛ, మతి తప్పిన మాటలు. కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది పొద్దంతా ఒళ్లు విరుచుకునే కూలీలు. తాము ఒక మందుకు బానిసలమయ్యామన్న సంగతే చాలామందికి తెలియదు. వాళ్లను చూసి నవ్వే వీడియోలు మన యువకుల ఫోన్లలోనూ తిరిగాయి. మేము కూడా ఒకటి చూసి నవ్వామేమో, గుర్తు చేసుకోవాలని లేదు.

ఇక కాళ్ల సంగతి. ఈ బాధను 1672లోనే థామస్ విలిస్ అనే ఇంగ్లండు వైద్యుడు రాసిపెట్టాడు. 1945లో స్వీడన్ డాక్టరు ఎక్‌బోమ్ దీనికి రెస్ట్‌లెస్ లెగ్స్ అని పేరు పెట్టాడు. గుర్తులు నాలుగు: కాళ్లు కదపక తప్పదనిపించడం, కూర్చున్నా పడుకున్నా ఎక్కువవడం, కదిపితే తగ్గడం, సాయంత్రం, రాత్రి వేళల్లో ముదరడం. మన ఇళ్లలో దీన్ని కాళ్లు పీకడం, గుంజడం అనేసి ఊరుకుంటాము. అమ్మమ్మ రాత్రంతా పిల్లలచేత కాళ్లు తొక్కించుకుంటే ముసలితనం అనుకున్నాము. కొందరైతే దురాత్మ అన్నారు. నూనె రాసి ప్రార్థించారు, గద్దించారు. ఫోనులో ఆమె "పట్టిందా" అని అడిగింది ఊరికే కాదు.

నిద్ర మాత్ర మానేటప్పుడు ఈ బాధ రెండు దారుల్లో రావచ్చు. మందు దిగిపోతుంటే నరాలు చేసే తిరుగుబాటు ఒకటి. అది నెమ్మదిగా సర్దుకుంటుంది, కొందరికి వారాలు, కొందరికి నెలలు. రెండోది, జబ్బు అంతకుముందే ఉండి మాత్ర దాన్ని కప్పి ఉంచడం. క్లోనజెపామ్‌ను కొందరికి ఈ కాళ్ల బాధకే రాసిన సందర్భాలున్నాయి. కప్పు తీయగానే కింద ఉన్నది బయటపడుతుంది. ఏది ఏదో డాక్టరు చూసి చెప్పాలి. మరొకటి కూడా ఉంది. పగలూ రాత్రీ తేడా లేకుండా, కాళ్లే కాక ఒళ్లంతా నిలవనీయకపోతే అది వేరే సంగతి కావచ్చు. కొన్ని మానసిక వ్యాధి మందులు, వాంతుల మందులు అలా చేస్తాయి. అది తెల్లారేదాకా ఆగకుండా డాక్టరుకు చెప్పాల్సిన విషయం.

మా సోదరికి రెండో విడత పరీక్షల్లో తేలింది మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది. ఆమెకు ఇనుము నిల్వలు దాదాపు లేవు. ఈ కాళ్ల బాధకు ఇనుము లోపం పెద్ద కారణాల్లో ఒకటి. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఫెరిటిన్ తక్కువగా ఉండవచ్చు. అది 75 లోపు ఉంటే ఈ రోగులకు ఇనుము ఇవ్వడం గురించి డాక్టర్లు ఆలోచిస్తారు. ఫెరిటిన్ పరీక్ష అడిగి చేయించుకోవాలి, చూడకుండా ఇనుము మాత్రలు మింగకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు తమిళనాడులో 53 శాతం, తెలంగాణలో 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58 శాతం దాటారు. అంటే మన సంఘంలో స్త్రీల వరుసలో సగం మంది. అందరికీ వడ్డించి అడుగున మిగిలింది తినే అలవాటును త్యాగమని పొగిడే ప్రసంగాలు మా నోట కూడా వచ్చాయి. తొమ్మిదేళ్లు ఒక స్త్రీ నిద్ర పట్టట్లేదంటే షాపులో స్ట్రిప్ దొరికింది, రక్తం చూసినవాళ్లు లేరు. నిద్రలేమికి కూడా కులం, కూలి ఉన్నాయంటే కొందరికి అతిగా అనిపించవచ్చు. ఉదయం ఐదున్నరకి ఎవరింటికో వెళ్లి గిన్నెలు తోమాల్సినవాళ్లకు తెల్లారి కొంచెం ఎక్కువసేపు పడుకునే వీలు లేదు. మందు తగ్గించుకునే రోజుల్లో సెలవూ లేదు.

చట్టం లేక కాదు. 2014 మార్చి 1 నుంచి అల్ప్రాజొలామ్ షెడ్యూల్ హెచ్1 కింద ఉంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన మోతాదు షాపువాళ్లు విడి రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. ఆ రిజిస్టరు ఎక్కడుందని అడిగే యువకులు మన సంఘాల్లో ఉండాలని మా ఆశ. అయితే అడిగేముందు ఒక జాగ్రత్త: షాపు తలుపు మూస్తే సరిపోదు. ఆధారపడ్డవారికి వైద్యం తలుపు తెరవకుండా సరఫరా ఆపితే ఏమవుతుందో 2015లో చూశాము.

మానడం ఎలా? ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో హెదర్ ఆష్టన్ అనే ప్రొఫెసరు 1982 నుంచి 1994 వరకు ఇందుకోసమే ఒక క్లినిక్ నడిపారు. ఆమె రోగుల దగ్గర నేర్చుకుని నేర్పింది ఒక్క మాటలో చెప్పాలంటే నిదానం. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకొకసారి ఉన్న మోతాదులో 5 నుంచి 10 శాతం తగ్గిస్తారు. ఒంట్లో తట్టుకోలేకపోతే అక్కడే ఆగుతారు. ఆగడం ఓటమి కాదు. చివరి చిన్న ముక్కే అందరికన్నా మొండిది. ఎంత తగ్గించాలో, మాత్ర మార్చాలో రోగిని చూసిన డాక్టరే చెప్పాలి. మా లాంటివాళ్లం కాదు. కాళ్ల బాధకు వేరే మందులున్నాయి గానీ వాటిలో కొన్ని ఏళ్లు గడిచాక ఆ బాధనే పెంచుతాయి. పక్కింటావిడ మాత్ర అడిగి వేసుకోవద్దు.

రాత్రుల సంగతి ఆమె మాకు నేర్పింది. సాయంత్రం ఇంటి ముందు కాసేపు నడక, పడుకునేముందు గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయడం. బకెట్లో గోరువెచ్చని నీళ్లు, కొందరికి చల్లని నీళ్లే నయం. తడి గుడ్డతో పిక్కలు గట్టిగా తుడవడం. మధ్యాహ్నం తర్వాత కాఫీ మానడం ఆమెకు మాత్ర మానడం కన్నా కష్టమైంది. చెన్నైలో బతికేవాళ్లకు ఆ బాధ చెప్పనక్కర్లేదు. జలుబుకు వాడే మత్తు వచ్చే మాత్రలు, దగ్గు మందులు కొన్ని ఈ కాళ్లను రెచ్చగొడతాయి గనుక షాపులో ముందే చెప్పాలి. మద్యం జోలికి పోకూడదు. ఇంకొకటి, కాళ్లు మొదలుపెట్టినప్పుడు మంచం మీద పోరాడకుండా లేచిపోవాలి. మనసును పట్టి ఉంచే చేతిపని ఉంటే కాళ్లు కాస్త శాంతిస్తాయి. ఆమె పూలు కడతారు. రాత్రి రెండు గంటలకు కట్టిన మూరలు ఉదయం పెరంబూరులో అమ్మకానికి వెళ్తాయి.

ఇవన్నీ ఆమె ఒక్కరే చేయలేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన ఆదివారం, చప్పట్లు కొట్టించిన చోటే నిలబడి మేము తప్పు చెప్పామని సంఘానికి చెప్పాము. ఆరాధన ముగిశాక ఏడుగురు వచ్చి తామూ అలాంటి మాత్రే వాడుతున్నామని చెవిలో చెప్పారు. అందులో ఇద్దరు పాతికేళ్లలోపు ఐటీ ఉద్యోగులు, ఒకరు మా సంఘపెద్ద. ఇన్నేళ్లూ వాళ్లెవరూ ప్రార్థనావసరత చీటీలో అది రాయలేదు. యవ్వనస్థుల కూటం ఒక వరుస పెట్టుకుంది. ఏ రాత్రి ఎవరు ఫోను పక్కన మెలకువగా ఉండాలో గోడమీద రాసి ఉంటుంది. గెత్సేమనేలో ఒక్క గంట మెలకువగా ఉండలేకపోయినవాళ్ల గురించి ఎన్నో ప్రసంగాలు చేశాము, ఇలాంటి జాబితా ఒకటి రాయాలని ఎన్నడూ తోచలేదు.

చెన్నైలో ఉన్నవాళ్లకు కీల్పాక్‌లోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. దాని మూలాలు 1794 నాటివి. మద్యం, మత్తుమందులకు అలవాటుపడ్డవారి కోసం అడయారులో 1980 నుంచి టీటీకే ఆస్పత్రి పనిచేస్తోంది. ఎక్కడికి వెళ్లాలో తెలియనివాళ్లు 14416కు ఫోను చేయవచ్చు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు అది, ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. మాత్ర ఆగి ఫిట్స్ వచ్చినా, లేనివి కనబడుతున్నా ఫోన్లు వద్దు, నేరుగా ఆస్పత్రికే.

ఆ సోదరికి ఇది పద్నాలుగో నెల. అర మిల్లీగ్రాము నుంచి పావు మిల్లీగ్రాము మాత్రలో సగానికి వచ్చారు. మధ్యలో రెండు నెలలు ఒకచోటే ఆగారు. ఇనుము నిల్వలు పెరిగాక కాళ్లు వారంలో నాలుగు రాత్రులు ఊరుకుంటున్నాయి, మూడు రాత్రులు ఊరుకోవడం లేదు. వచ్చే మంగళవారం డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పనిచేసే ఇళ్లలో ఒకరు సెలవిచ్చారు, ఇద్దరు జీతం కోస్తామన్నారు. నాలుగో ఇంటివాళ్లు మన సంఘస్థులే, ఇంకా ఏమీ చెప్పలేదు.