హారంలో లేని ఆడవాళ్ళు

ఆరోగ్య శాఖ సమీక్షలలో శాతాలదే రాజ్యం. గర్భిణుల పరీక్షలు ఇంత శాతం, ఆస్పత్రి కాన్పులు ఇంత శాతం, కు.ని. ఆపరేషన్లు ఇంత శాతం. ఈ అంకెలు ఎక్కడినుంచి వచ్చాయని అడిగితే "కంప్యూటరు ఇచ్చింది" అంటారు. స్వచ్ఛంద సంస్థలలో పనిచేసే మనం కూడా వాటినే మన నివేదికల్లోకి ఎత్తి రాసుకుంటున్నాం. కంప్యూటరు తనంతట తాను ఏ శాతాన్నీ కనిపెట్టదు. ఏ అంకెను ఏ అంకెతో భాగించాలో ఎవరో కొందరు ముందే నిర్ణయించి సాఫ్ట్‌వేర్‌లో రాసిపెడతారు. అది సాంకేతిక విషయమని మనం పక్కకు తప్పుకోవడం వల్ల స్త్రీల ప్రాణాలకు సంబంధించిన రాజకీయ నిర్ణయం మన ప్రమేయం లేకుండా జరిగిపోతున్నది.

ఈ సూచికల తయారీ అర్థం కావడానికి బడిలో నేర్చుకున్న భిన్నం చాలు. పైన లవం, కింద హారం, వచ్చినదాన్ని నూరుతోనో వెయ్యితోనో లక్షతోనో హెచ్చవేయడం. 70కి పైగా దేశాలలో వాడుతున్న, మన దేశంలోనూ అనేక రాష్ట్రాలు వాడిన డి.హెచ్.ఐ.ఎస్.2 సాఫ్ట్‌వేర్‌లో సూచికను నిర్వచించడమంటే ప్రధానంగా ఈ మూడింటినీ నింపడమే. దీని పూర్వరూపం 1994లో వర్ణవివక్ష పాలన అంతమైన తర్వాత దక్షిణాఫ్రికాలో పుట్టింది. జాతుల వారీగా చీల్చిన ఆరోగ్య వ్యవస్థను ఒక్కటి చేయాలని, లెక్కలు పై అధికారులకే కాక కింద పనిచేసేవాళ్ళకూ ఉపయోగపడాలని దాని ఆశయం. ఓస్లో విశ్వవిద్యాలయ పరిశోధకుల ద్వారా మన దేశంలో ఆ ప్రయత్నం 2000లో మొదలైంది చిత్తూరు జిల్లా కుప్పంలోనే. 2008లో కేంద్ర ప్రభుత్వం తన సొంత సమాచార వ్యవస్థను ప్రారంభించింది. ఆశయం సంగతి అలా ఉంచి, ఆచరణలో ఈ భిన్నాలు ఏం చేస్తున్నాయో చూద్దాం.

అయిదు వేల జనాభా ఉన్న ఒక ఉపకేంద్రాన్ని ఊహించుకోండి. జననాల రేటు వెయ్యికి 17 అనుకుంటే ఏడాదికి 85 కాన్పులు. గర్భస్రావాలు వగైరాలకు పది శాతం కలిపితే సుమారు 94 మంది గర్భిణులు ఉండాలి. ఏ.ఎన్.ఎం. రిజిస్టరులో 60 మంది పేర్లున్నాయి. వారిలో 54 మందికి నాలుగుసార్లు పరీక్షలు జరిగాయి. నమోదైన 60ని హారంగా పెడితే 90 శాతం, సభలో చప్పట్లు. అంచనా వేసిన 94ని హారంగా పెడితే 57 శాతం. చేసిన పని అదే, పరీక్షలు అందినవాళ్ళూ వాళ్ళే. మొదటి లెక్కలో మాత్రం 34 మంది ఆడవాళ్ళు అసలు పుట్టనట్టే.

ఆ 34 మంది ఎవరు? ఇటుక బట్టీలకు వలసపోయినవాళ్ళు, దారిలేని గూడేలవాళ్ళు, పెళ్ళికాకుండా గర్భం వచ్చి ఎవరికీ చెప్పుకోలేనివాళ్ళు. ఎవరికి పరీక్షలు ఎక్కువ అవసరమో వాళ్ళే రిజిస్టరులో లేరు. హారంలోనూ లేకపోతే వాళ్ళను వెతకాల్సిన బాధ్యత ప్రభుత్వానికి తప్పిపోతుంది.

అంచనా హారం నమ్మదగింది కాదనీ, తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్ళినవాళ్ళూ ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళూ అందులో కలిసిపోతారనీ అధికారులు వాదిస్తారు. ఈ అభ్యంతరంలో నిజముంది. అలాంటప్పుడు రెండు శాతాలనూ పక్కపక్కన అచ్చువేయాలి. ఆ తేడా ఎందుకొచ్చిందో ఊళ్ళోకి వెళ్ళి తెలుసుకోవాలి. ఇబ్బంది పెట్టే హారాన్ని తీసేసి, ముచ్చటైన హారాన్ని ఉంచుకోవడానికి ఈ వాదన సాకు కాకూడదు.

హారం తర్వాత సున్నా. ప్రత్యేకంగా కోరితే తప్ప డి.హెచ్.ఐ.ఎస్.2 సున్నాను దాచుకోదు. సూచికను లెక్కగట్టేటప్పుడు, రాని అంకెను సున్నాగానే తీసుకుంటుంది. అంటే ఒక కేంద్రంలో ఏ తల్లీ చనిపోలేదన్నా, ఆ కేంద్రం అసలు సమాచారమే పంపలేదన్నా జిల్లా మొత్తంలో తేడా తెలియదు. ఏ.ఎన్.ఎం. పోస్టు ఖాళీగా ఉన్న ఏజెన్సీ గ్రామం మరణాలే లేని గ్రామంగా కనిపించవచ్చు. రాజ్యం నిర్లక్ష్యం రాజ్యం విజయంగా నమోదవుతుంది.

లవంలోకి ఎవరు రావాలన్నది ఇంకో ప్రశ్న. గర్భిణిగా ఉండగా గానీ, గర్భం తీరిన 42 రోజులలోపు గానీ, దానికి సంబంధించిన కారణంతో చనిపోతేనే మాతృ మరణం. ప్రమాదవశాత్తూ, యాదృచ్ఛికంగా జరిగిన మరణాలు ఇందులో చేరవు. గర్భిణి ఆత్మహత్యను ప్రత్యక్ష మాతృ మరణంగా లెక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో చెప్పింది. అత్తింటి హింసతో కాలిపోయిన గర్భిణి మాటేమిటి? "స్టవ్ పేలింది" అని రాసుకున్న క్షణంలో ఆమె ప్రమాదం గడిలోకి పోతుంది. ఆడపిల్ల పుడుతుందేమోనని కొట్టిన దెబ్బలకు చనిపోయిన స్త్రీ మరణం ఆమె గర్భానికి యాదృచ్ఛికమట! పితృస్వామ్యం చేసిన హత్యను వైద్య నిర్వచనం ఇంత సులువుగా పక్కన పెట్టగలుగుతున్నది.

కు.ని. ఆపరేషన్ల సూచిక మనకు అన్నిటికంటే బాగా తెలిసినదే. 1996 ఏప్రిల్‌లో దేశమంతటా లక్ష్యాలు ఎత్తేశామన్నారు. వాటి స్థానంలో 'ఆశించిన సాధన స్థాయి' వచ్చి కూర్చుంది. చేసిన ఆపరేషన్లు లవం, పైనుంచి దిగిన ఆ సంఖ్య హారం. అవసరమున్న స్త్రీల సంఖ్య ఉండాల్సిన చోట లక్ష్యాన్ని పెట్టినప్పుడు శాతం కింది ఉద్యోగికి హుకుం అవుతుంది. 2014 నవంబరులో బిలాస్‌పూర్ దగ్గర శిబిరంలో ఒక్కరోజే 83 మందికి ఆపరేషన్లు చేశారు. 13 మంది చనిపోయారు. ఈ భిన్నంలో మాత్రం వాళ్ళు కూడా 'సాధన' కిందికే వస్తారు. మరణాలు వేరే పద్దులో ఉంటాయి. దేవికా బిశ్వాస్ కేసులో 2016లో సుప్రీంకోర్టు శిబిరాలను మూడేళ్ళలో ఆపాలని ఆదేశించాల్సి వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం వివాహిత స్త్రీలలో ఆపరేషన్ చేయించుకున్నవారు దేశంలో 37.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 69.6 శాతం. భర్త చేయించుకున్నది దేశం మొత్తం మీద 0.3 శాతం. ఈ రెంటినీ కలిపి 'దంపతుల రక్షణ రేటు' అని పేరు పెడితే ఎవరి కడుపు కోశారో కనిపించదు.

సగటు చేసే పని కూడా ఇదే. అదే సర్వేలో తెలంగాణలో సిజేరియన్లు 60.7 శాతం. విడగొట్టి చూస్తే ప్రభుత్వ ఆస్పత్రులలో 44.5, ప్రైవేటులో 81.5. విడగొట్టకపోతే ఈ వ్యాపారం సగటు వెనకాల దాక్కుంటుంది. కులం సంగతీ అంతే. సమాచారం సేకరించేటప్పుడే దళిత, ఆదివాసీ స్త్రీల లెక్క వేరుగా తీసుకోకపోతే తర్వాత ఏ సూత్రమూ దాన్ని విడదీయలేదు.

ఈ అంకెలన్నిటినీ మోసేది ఏ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు, అంటే మళ్ళీ ఆడవాళ్ళే. పగలంతా ఇళ్ళు తిరిగి, రాత్రి రిజిస్టర్లు నింపి, శాతం తగ్గితే సభలో అందరి ముందూ మాట పడేది వాళ్ళు. సూచికను నిర్వచించే బల్ల దగ్గర మాత్రం వాళ్ళకు కుర్చీ లేదు. తిట్టు తప్పించుకోవడానికి వాళ్ళు అంకె సరిచేస్తే ఆ తప్పు వాళ్ళదంటారా, వాళ్ళను అక్కడికి నెట్టినవాళ్ళదంటారా?

లెక్కలు వద్దని ఎవరూ అనడం లేదు. లెక్కలు లేకపోతే మన వాదనలూ నిలవవు. అందుకే కొన్ని డిమాండ్లు గట్టిగా పెట్టాలి. ప్రతి శాతం పక్కన లవం ఎంత, హారం ఎంత, హారం ఎక్కడిది అన్నది తెలుగులో రాసి ఉపకేంద్రం గోడమీద అతికించాలి. సున్నాను, ఖాళీని వేరుగా చూపాలి. ఎన్ని కేంద్రాలు సమాచారం పంపాయో ప్రతి సూచికతోపాటు చెప్పాలి. కులం, తెగ, ప్రభుత్వ, ప్రైవేటు వారీగా విడగొట్టాలి, ఏ స్త్రీ పేరూ ఆనవాలూ బయటపడకుండా. లక్ష్యం ఏ సూచికలోనూ హారం కాకూడదు. సూచికలు నిర్వచించే కమిటీలలో ఏ.ఎన్.ఎం.లు, ఆశాలు, మహిళా సంఘాలు ఉండాలి.

ఇవి నెరవేరేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. 2005 సమాచార హక్కు చట్టం కింద మీ జిల్లా వాడుతున్న సూచికల సూత్రాలు అడగండి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీ సమావేశంలో కూర్చుని మీ ఊళ్ళో గర్భిణులెందరో, రిజిస్టరులో ఎందరో సరిచూడండి. రిజిస్టరులో లేని ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళండి. తర్వాతి సమీక్షలో ఎవరైనా 90 శాతం అంటే, ఎంతమందిలో అని అడగండి. జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.