అమ్మ మణికట్టు, నా కుర్చీ

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు అమ్మ బాత్రూమ్‌లో జారిపడింది. పెద్దగా పడిందేమీ కాదు, చెయ్యి ఆనించిందంతే. మణికట్టు విరిగింది. 51 ఏళ్ళకే ఇంత తేలిగ్గా విరగడమేమిటని డాక్టరుగారు డెక్సా స్కాన్ చేయించారు. టి-స్కోరు మైనస్ 2.9. మైనస్ 2.5కి దిగితే చాలు, ఆస్టియోపోరోసిస్ అంటారట. ఎముకలు గుల్లబారడమన్నమాట.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "గర్భసంచి ఆపరేషన్ ఏమైనా అయిందామ్మా?" అని. అయింది, అమ్మకి 36 ఏళ్ళప్పుడు. నేనప్పుడు ఎనిమిదో తరగతి. టౌన్లో ఒక నర్సింగ్ హోమ్‌లో గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేశారు. పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకవి అన్నారట. కుట్లు మానేదాకా బరువులెత్తొద్దని చెప్పారు. ఎముకల గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఎముకంటే ఒకసారి కట్టి వదిలేసిన గోడ కాదు. పాతదాన్ని తవ్వే కణాలు, కొత్తది కట్టే కణాలు రోజూ పనిలోనే ఉంటాయి. తవ్వేవాటిని అదుపులో పెట్టేది ఈస్ట్రోజెన్. అది పోతే తవ్వకమే పైచేయి. మామూలుగా యాభైకి దగ్గర్లో, మెల్లగా జరగాల్సింది అమ్మకి 36లో రాత్రికి రాత్రే జరిగింది. (మన భాషలో చెప్పాలంటే, ఏది దేనిమీద ఆధారపడిందో చూసుకోకుండా ప్రొడక్షన్‌లో ఒక మాడ్యూల్ పీకేశారు.)

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్ళు దేశం మొత్తంమీద 3.2 శాతం. ఆంధ్రాలో 8.9, తెలంగాణలో 7.7. అందరికీ అండాశయాలు తీసేయరు, నిజమే. అవసరమైన ఆపరేషన్ని వద్దనే తెలివితక్కువవాణ్ణి కాను. కానీ సంతకం పెట్టించుకునే ముందు ఎముకల సంగతేంటి, హార్మోన్ మందులు పనికొస్తాయా, స్కాన్ ఎప్పుడు చేయించుకోవాలి అన్నది చెప్పడానికి ఐదు నిమిషాలు కూడా లేవా?

ఇక చుట్టాలందరిదీ ఒకటే మాట, "కాల్షియం మాత్రలేసుకుంటే అదే సర్దుకుంటుంది". మెనోపాజ్ దాటినవాళ్ళకి రోజుకి 1200 మిల్లీగ్రాములు కావాలని ఐసీఎంఆర్ 2020లో చెప్పింది. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో పదికి అటూ ఇటూ. మా అమ్మమ్మ పొద్దున్నే చోడి అంబలి తాగేది (రాగులే, మా విజయనగరం వైపు చోళ్ళంటాం). మేం కాస్త డబ్బులు రాగానే చేసిన మొదటి పని సన్నబియ్యానికి మారడం.

పోనీ కాల్షియం తిన్నాం అనుకోండి. దాన్ని ఒంటికి పట్టించడానికి విటమిన్ డి కావాలి, ఎముక గట్టిపడటానికి దానిమీద బరువు పడాలి. భారం లేని అంతరిక్షంలో వ్యోమగాములకి తుంటి ఎముక నెలకి సుమారు ఒక శాతం తరిగిపోతుంది. మరి నేను? పది గంటలు కుర్చీ, పైకి లిఫ్టు, ఇంటికి క్యాబ్, ఎండ ఎలా ఉంటుందో అద్దంలోంచి చూడటం. ఎముక పోగేసుకునే వయసు ముప్ఫై దాకానేనట. నాకిప్పుడు 28. ఆ లెక్క చూసుకున్నాక భయమేసి మెట్లెక్కడం మొదలుపెట్టాను, ఐదో అంతస్తు చేరేసరికి స్టాండప్ మీటింగ్‌లో మాట రావట్లేదు.

అమ్మకి కట్టు విప్పారు. మందులు వాడుతోంది, సాయంత్రం డాబా మీద నడుస్తోంది. నిన్న ఫోన్ చేస్తే ఎంగేజ్. మా పిన్నికి 41, ఆవిడకీ గర్భసంచి తీసేయాలన్నారట. ఆవిడతోనే మాట్లాడుతోందట అప్పటిదాకా. ఏం చెప్పావమ్మా అనడిగితే, "అండాశయాలు కూడానా, ఎందుకు అని ముందడగవే, అది చెప్పాకే సంతకం పెట్టు అన్నాన్రా" అంది.