పరుగంటే బూట్లేనా?

ఆగస్టు దగ్గరపడితే హైదరాబాద్‌లో వానలతో పాటు సలహాలూ కురుస్తాయి. నెలాఖరు మారథాన్‌కు ఏ బూట్లు కొనాలి, చేతికి ఏ వాచీ కట్టాలి, ముందురోజు రాత్రి అన్నం తినాలా చపాతీ తినాలా, ఎన్ని కిలోమీటర్లకొక జెల్ ప్యాకెట్ నోట్లో పిండుకోవాలి... ఈ వారం కూడా పత్రికల ఆరోగ్య పేజీల్లో, ఫోన్లకొచ్చే వీడియోల్లో ఇదే వరస. పది పదిహేను వేలు పోసి బూట్లు కొన్న మనిషి పన్నెండో కిలోమీటరు దగ్గర కాళ్లు ఎడం చేసుకుని, ముఖం చిట్లించుకుని ఎందుకు నడుస్తాడో మాత్రం ఒక్కరూ చెప్పరు. మోకాలు పట్టేసింది కాబోలని చూసేవాళ్లు అనుకుంటారు. అడిగితే అతనూ అదే చెబుతాడు. తొడల లోపలివైపు ఒరుసుకుపోయి, చర్మం లేచి, చెమట తగిలిన ప్రతిసారీ కారం రాసినట్టు మండుతోందని పదిమందిలో ఎలా చెప్పుకుంటాడు? మోకాలి నొప్పికి ఉన్న గౌరవం తొడ మంటకు లేదు. కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్లను మూడో రోజే ఇంట్లో కూర్చోబెట్టే బాధ ఇది. పైగా చాలా తేలిగ్గా, చాలా చవగ్గా ఆపగలిగిన బాధ. దాన్ని సభ్యత పేరు చెప్పి దాటేస్తున్నారన్నదే నా ఫిర్యాదు.

లెక్క చూడండి. నిమిషానికి 160 అడుగులు వేసేవాడు గంటలో 9,600 వేస్తాడు. అన్నిసార్లూ తొడ తొడను రాస్తుంది, చంక కింద చొక్కా కుట్టు గీరుతుంది, చనుమొనల మీద బనియను అటూ ఇటూ ఆడుతుంది. పొడిగా ఉన్నంతసేపు చర్మం ఓర్చుకుంటుంది. తడిస్తే దాని పైపొర నాని మెత్తబడుతుంది. తడి చేరితే జారుడు పెరిగి రాపిడి తగ్గుతుందని చాలామంది అనుకుంటారు గానీ జరిగేది అందుకు పూర్తిగా తలకిందులు. చెమటతో తడిసిన చర్మం అంటుకుంటుంది, పట్టుకుంటుంది, లాగుతుంది. ఆ చెమట కాస్త ఆరినచోట ఉప్పు మిగిలి మరింత గరుకవుతుంది. ఆగస్టు ఉదయాల్లో హైదరాబాద్ గాలిలో తేమ తరచూ 80 శాతం దాటి ఉంటుంది. అలాంటి గాలిలో చెమట ఆవిరి కాదు, ఒంటి మీదనుంచి కారుతుంది. విశాఖ బీచ్ రోడ్డులో, కాకినాడలో, నెల్లూరులో పరుగెత్తేవాళ్ల సంగతి ఇక చెప్పనక్కర్లేదు. చలిదేశాల వాళ్ల పుస్తకాల్లో ఈ విషయానికి ఒక పేరా చాలునేమో, మన గాలికి ఒక అధ్యాయం కావాలి.

ఆ అధ్యాయంలో మొదటి మందు ఏ చిల్లర కొట్టులోనైనా దొరుకుతుంది. అమెరికాలో రాబర్ట్ చీజ్‌బ్రో 1872లో పేటెంటు తీసుకున్న వాసెలిన్. బూటు లేసు ఖరీదుకు చిన్న డబ్బా వస్తుంది. మంట మొదలయ్యాక కాకుండా, ఇంట్లోంచి కదలకముందే, పొడి చర్మం మీద, కాస్త మందంగానే రాయాలి. తొడల లోపలివైపు, చంకల్లో, నడుము పట్టీ తగిలేచోట, ఆడవాళ్లకు బ్రా కింది పట్టీ ఒరుసుకునేచోట, మగవాళ్లకు చనుమొనల మీద. దూరం ఎక్కువైతే దారిలో మళ్లీ రాసుకోవాలి. చనుమొనలకు చిన్న ప్లాస్టర్ అంటించుకున్నా సరిపోతుంది. ఇరవై కిలోమీటర్లు దాటేసరికి తెల్ల చొక్కా మీద రెండు రక్తపు చారలతో కనిపించేవాళ్లు ఈ ఒక్క పని చేయనివాళ్లే. తొడలకైతే మోకాలి పైదాకా ఒంటికి అతుక్కుని ఉండే సైక్లింగ్ నిక్కరు ఇంకా మేలు. అప్పుడు రాపిడి బట్టకూ బట్టకూ మధ్యే తేలిపోతుంది. కొబ్బరినూనె చాలదా అని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు. కొబ్బరినూనె 24 డిగ్రీలకే కరుగుతుంది, మన ఊళ్లలో ఏడాదిలో ఎక్కువ రోజులు సీసాలో నీళ్లలాగే ఉంటుంది. ఒంటికి రాస్తే చెమటతో పాటే కారిపోతుంది. అరగంట పరుగుకు పనికొస్తుందేమో, రెండు గంటలకు చాలదు. ఇక టాల్కం పౌడరు. పొడిగా ఉన్నంతసేపు అది హాయి. చెమట పట్టగానే ముద్దకట్టి, ఆ ముద్దలే గీరడం మొదలెడతాయి.

అసలు తగాదా బట్ట దగ్గర. నూలంటే మనకు భక్తి. ఆగస్టు 7న చేనేత దినోత్సవం చేసుకునే దేశం మనది. మంగళగిరి చీర, పోచంపల్లి చొక్కా, ఉప్పాడ జాందానీ పేరు వింటేనే మన గుండె ఉప్పొంగుతుంది, ఉప్పొంగాలి కూడా. ఎండాకాలం నీడపట్టున కూర్చున్నవాడికి నూలును మించిన బట్ట లేదు. అది కాస్త చెమటను పీల్చుకుంటుంది, గాలి తగిలి ఆరుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. ఇదంతా చెమట కాస్తే పట్టినప్పటి ముచ్చట. మామూలు గాలిలో ఉంచినా నూలు తన పొడి బరువులో సుమారు 8.5 శాతం తేమను పీల్చుకుంటుంది. పాలిస్టర్ పీల్చుకునేది 0.4 శాతం. నూలుకున్న ఈ దాహమే పరుగులో శత్రువవుతుంది. ఐదు కిలోమీటర్లకే టీషర్టు తడిసి, బరువెక్కి, ఒంటికి అతుక్కుని, చనుమొనల మీద గరుకు కాగితంలా ఆడుతుంది. ఇది తెలిసి కూడా ఏదో దినోత్సవం పేరు చెప్పి ఐదు కిలోమీటర్ల పరుగు పెట్టే సంఘాలు తెల్లవారగానే వందలమందికి మందపాటి నూలు టీషర్టులు పంచుతాయి. సరిగ్గా రొమ్ము మీద దాత పేరు, నాయకుడి బొమ్మ దళసరి ప్లాస్టిక్ రంగుతో అచ్చువేసి మరీ. చొక్కా వేసుకునేవాడి ఒళ్లు వాళ్లకు గోడలాగే కనిపిస్తుంది కాబోలు. పాలిస్టర్ వేసుకోమంటే, కంపు కొడుతుంది కదా అంటారు. కొడుతుంది, నిజమే. ఇంటికెళ్లగానే ఉతుక్కోవాలి. మట్టికి మంచిది కాదంటారు, అదీ నిజమే. ఆ వాదనకు నా దగ్గర పెద్ద జవాబు లేదు. వారానికి నాలుగు గంటలు వేసుకునే ఒక్క జతతోనే భూమి మునిగిపోదని మాత్రం అనుకుంటున్నాను.

అన్నిటికన్నా చిరాకు పుట్టించే సలహా మరొకటుంది. 'బరువు తగ్గితే అదే పోతుంది.' బరువు తగ్గడానికే కదా ఆ మనిషి ఉదయం ఐదింటికి లేచి రోడ్డెక్కింది! పరుగెత్తలేనంత మంట పుడుతోందని అంటుంటే, పరుగెత్తి సన్నబడి రమ్మనడం ఏ వైద్యం? పోనీ సన్నగా ఉన్నవాళ్లకు ఇది రాదా? చంకలు, చనుమొనలు, నడుము పట్టీ దగ్గర చర్మం లేవడానికి బరువుతో పనిలేదు, బక్కపలచని వాళ్ల తొడలూ రాసుకుంటాయి. కాయకష్టం చేసేవాడి అరచేతుల్లాగా నాలుగు రోజులకు చర్మమే మొద్దుబారుతుందని వాదించేవాళ్లూ ఉన్నారు. అరచేయి, అరికాలు చర్మం పుట్టుకతోనే దళసరి, ఒత్తిడికి కాయలు కాసే గుణం దానికుంది. తొడ లోపలి చర్మం పల్చన. నిన్నటి పుండు మీద ఇవాళ మళ్లీ రాపిడి పడితే అది గట్టిపడదు, ఇంకాస్త లోతుగా లేస్తుంది. రెండు మూడు రోజులు ఆగడమే దానికి చికిత్స. చన్నీళ్లు, మెత్తని సబ్బు, తువ్వాలుతో తుడవకుండా అద్దడం, పైన మళ్లీ ఆ వాసెలినే.

మారథాన్‌లు డబ్బున్నవాళ్ల వ్యవహారమని, ఈ మంటలు కూడా వాళ్లవేనని అనుకునేవాళ్లు ఏ జిల్లా కేంద్రంలోనైనా తెల్లవారుజామున డిగ్రీ కాలేజీ గ్రౌండుకు వెళ్లి చూడాలి. కానిస్టేబుల్ ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు అక్కడుంటారు. 2022 నాటి తెలంగాణ నియామకాల్లో మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాల్సి వచ్చింది. ఆ ఏడు నిమిషాల్లో ఎవరి చర్మమూ లేవదు. దానికోసం నెలల తరబడి రోజూ తిరిగే చుట్లలో లేస్తుంది. వారం రోజులు సాధన ఆగితే ఆ సెకన్లు ఎక్కడినుంచి వస్తాయి? కోచింగ్ సెంటర్లు ఫీజు తీసుకుని కరెంట్ అఫైర్స్ నేర్పుతాయి, దీని గురించి ఒక్క ముక్క చెప్పవు. ఆడపిల్లల పరిస్థితి మరీ అన్యాయం. అమెరికాలోని వెర్మాంట్‌లో 1977లో లీసా లిండాల్, పాలీ స్మిత్, హిండా మిల్లర్ అనే ముగ్గురు కలిసి, మగ ఆటగాళ్లు లోపల వేసుకునే రెండు జాక్‌స్ట్రాప్‌లను జోడించి తొలి స్పోర్ట్స్ బ్రా నమూనా కుట్టారు. లిండాల్ స్వయంగా రన్నర్. అది జరిగి అర్ధశతాబ్దం కావస్తోంది. మన చిన్న పట్టణాల బట్టల దుకాణాల్లో ఇప్పటికీ సరైన కొలతలో ఒకటి దొరకడం గగనం. దొరికినా కౌంటర్లో మగమనిషి. కొలత చెప్పలేక పిల్ల వెనక్కి వచ్చేస్తుంది, మామూలు బ్రాతోనే పరుగెత్తి భుజాల మీద, రొమ్ము కింద వాతలు తేల్చుకుంటుంది.

ఇలా ఇంట్లో చెప్పుకోలేక, కోచ్‌ను అడగలేక చివరికి వీళ్లంతా చేరేది మెడికల్ షాపుకు. అక్కడ మొదలవుతుంది అసలు ప్రమాదం. 'తొడల్లో దురద, మంట' అని గొణిగితే చాలు, కౌంటర్ వెనకున్న కుర్రాడు ఒక ట్యూబ్ తీసి ఇస్తాడు. అందులో ఫంగస్ మందు, యాంటీబయాటిక్, వాటితో పాటు క్లోబెటాసాల్ లాంటి బలమైన స్టెరాయిడ్ కలిసి ఉంటాయి. రాస్తే రెండు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది. ఆ తగ్గడమే ఉచ్చు. ఒరిపిడితో లేచిన చర్మానికి స్టెరాయిడ్ అక్కర్లేదు. వారాల తరబడి రాస్తే చర్మం ఇంకా పల్చబడి, తొడల మీద చారలు పడతాయి, పల్చబడిన చర్మం మరుసటి పరుగుకు మరింత తేలిగ్గా లేస్తుంది. అక్కడే తామర ఉంటే అది చావదు, లోలోపల పాకుతుంది. మన దేశంలో మొండి తామర ఇంతగా ప్రబలడానికి ఈ కలగూర ట్యూబులు ఒక ముఖ్య కారణమని చర్మవైద్యులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతూనే ఉన్నారు. వారం దాటినా మానకపోతే, అంచులు గుండ్రంగా పాకుతుంటే చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లాలి, అప్పటిదాకా రాసిన ట్యూబు కూడా జేబులో వేసుకుని మరీ. స్టెరాయిడ్ పడ్డాక తామర తన ఆకారం మార్చుకుంటుంది. ఏం రాశారో చెప్పకపోతే చెయ్యి తిరిగిన డాక్టరు కూడా పోల్చుకోవడం కష్టం.