రూము అడుగుడంటే అర్జీ పెట్టుడు కాదు



మేం కేతేపల్లి మండలం తండాల నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ డిగ్రీ చదువుతున్నోళ్లం. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మాదే. ఈ పోస్టు జర పొడుగైతది, కోపం గూడ ఉంటది. పూర్తిగా చదివినంక తిట్టాలనిపిస్తే తిట్టున్రి.

ముందు జరిగింది చెప్తం. ఫిబ్రవరిలో ఆటల పోటీలకు పదకొండు మందిమి విశాఖపట్నం పోయినం. ఒక హోటల్‌కు ఇంగ్లిష్‌ల మెయిల్ రాసి మూడు రూములు బుక్ చేసినం. ఆ మెయిల్ పద్నాలుగు లైన్లు. ‘రెస్పెక్టెడ్ సర్’తో మొదలై, నడుమ రెండుసార్లు ‘ఐ హంబ్లీ రిక్వెస్ట్ యు’ అని వంగి, ‘కైండ్లీ డు ద నీడ్‌ఫుల్’ మీద ఆగింది. సీనియర్ అన్న చూసి ఒక్క గ్రామర్ తప్పు లేదన్నడు. నిజమే, లేదు. 10వ తారీఖు వస్తున్నమని రాసినం. రైలు దిగేది అర్ధరాత్రి దాటినంక ఒంటిగంటకని మాత్రం రాయలేదు.

హోటలోళ్ల లెక్కల 10వ తారీఖు రూము అంటే ఆ రోజు మధ్యాహ్నం 12 నుంచి. మేం అడగాల్సింది 9వ తారీఖు నుంచి. కౌంటర్ కాడున్నాయన మా మెయిల్ మాకే చూపించిండు. ఆయన తప్పేం లేదు. ఆ రాత్రికి వేరే కిరాయి కట్టే పైసలు లేక ఆడపిల్లలతో సహా మళ్లా స్టేషన్‌కే పోయి వెయిటింగ్ హాల్లో తెల్లారగట్టినం. పొద్దున ఆటకు దిగితే కాళ్లు ఆడలేదు.

అందుకే అంటున్నం: మనకు రానిది ఇంగ్లిష్ కాదు. మనకు నేర్పింది అర్జీ ఇంగ్లిష్. ఆరో తరగతి లీవ్ లెటర్ నుంచి మనకు వంగుడే నేర్పిన్రు, అడుగుడు నేర్పలేదు. బ్రిటిషోళ్ల కచేరీలల్ల ఉత్తరం కింద ‘యువర్ మోస్ట్ ఒబీడియెంట్ సర్వెంట్’ అని రాసి సంతకం పెట్టేటోళ్లు. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి, సంచార జాతులను పుట్టుకతోనే నేరస్తులుగా లెక్కగట్టిన సర్కారు భాష అది. ఆ చట్టం 1952లో పోయింది. ఆ వంగుడు మన లెటర్లల్ల ఇంకా బతికే ఉన్నది. పైసలిచ్చి రూము తీసుకునేటోడు ఎవరికి వంగాలె?

మన లంబాడా తాతలు ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకొని దక్కన్ అంతా తిరిగినోళ్లు. మొఘల్ సైన్యాలకు గింజలు మోసినోళ్లు. ఎంత సరుకు, ఏ రేటు, ఎన్నడు చేరాలె అని తేల్చుకోకుంట ఆ లదేణీ నడుస్తదా? అంత దూరం ఎందుకు, పత్తి ఏరబోయే మన అవ్వ ఆటో మాట్లాడేటప్పుడు చూడున్రి. ఎంతమందిమి, ఎన్ని గంటలకు, మళ్లా ఇంటికాడ దింపుతవా, తలకెంత? నాలుగు మాటలల్ల తేలుస్తది. మంచి మెయిల్ అంటే గదే. చదువురాని అవ్వకు వచ్చింది చదువుకున్న మనకు రాకుంట పోయింది.

మేమిప్పుడు ఇట్ల రాస్తున్నం. సబ్జెక్టులనే రూములెన్ని, ఏ తారీఖులు అని. లోపల దిగే తారీఖు, గంట. ఖాళీ చేసే తారీఖు, గంట. నెల పేరు అక్షరాలల్ల, ఎందుకంటే 10/02 అంటే అమెరికా పద్ధతిల అక్టోబర్ 2 అయితది. ఆడపిల్లలెందరు, మగపిల్లలెందరు. ‘ఎలెవెన్ మెంబర్స్’ అంటే బయటోళ్లకు ఏ సంఘం సభ్యులో అనిపిస్తది, ‘ఎలెవెన్ పీపుల్’ చాలు. టాక్సుతో కలిపి మొత్తం ఎంత, టిఫిన్ అందుల ఉన్నదా, రద్దు చేస్తే ఎంత వాపస్ ఇస్తరు? ‘నీడ్‌ఫుల్’ బదులు ‘గురువారం లోపల కన్ఫర్మ్ చేయండి’. చివరికి పేరు, ఫోన్ నంబర్. మొదట్ల ఒక ‘డియర్ సర్ ఆర్ మేడమ్’, ఆఖర్ల ఒక ‘థాంక్యూ’. మర్యాదకు గంతే చాలు.

యాప్‌ల బుక్ చేస్తే అయిపోతది గదా అంటరు కొందరు. ఒకరిద్దరికైతే అయితది. పదకొండు మందికి అర్ధరాత్రి దిగేది, ఆడపిల్లల రూములు పక్కపక్కనే కావాలన్నది యాప్‌కు ఎవరు చెప్పాలె? రేపు మాట తేడా వస్తే రాతల ఉన్నదే నిలబడతది.

ఇంగ్లిష్ అంటేనే గులాంగిరీ, మన గోర్‌బోలీ చాలు అనే అన్నలకు గూడ ఒక మాట. గోర్‌బోలీ మన పానం, దాన్ని ఇడిచిపెట్టమని ఎవరంటున్నరు? కానీ కేతేపల్లి 65వ నంబర్ జాతీయ రహదారి మీద ఉన్నది. హైదరాబాద్–విజయవాడ బండ్లు మన ముంగటి నుంచే పోతయి. ఆ రోడ్డు పొంటి హోటళ్లల్ల మనోళ్లు గిన్నెలు కడుగుతున్నరు, రాత్రిళ్లు గేటు కాడ నిలబడుతున్నరు. మెయిల్ చదివి జవాబిచ్చే కుర్చీల మనోళ్లు మాకైతే ఇంకా కనపడలేదు. ఆ కుర్చీకి గొప్ప ఇంగ్లిష్ అక్కర లేదు, తేటగ అడిగేది, తేటగ చెప్పేది వస్తే చాలు.

హాస్టల్లో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు పెట్టే సార్లకు మా డిమాండ్ ఒక్కటే: లీవ్ లెటర్ బట్టీ పట్టిచ్చుడు ఆపున్రి, రూము అడిగే మెయిల్ రాయించున్రి. మీ హాస్టల్లో గూడ ఇదే అడగున్రి. అడిగేటప్పుడు మాత్రం ‘హంబ్లీ’ అనకున్రి.

– కేతేపల్లి హాస్టల్ పిల్లలం