ముద్ర లేని కత్తి
అరకు కొండల్లో గిరిజనుల నడుముకు వేలాడే కత్తి ఊరి కొలిమిలో పుట్టినది. దాని పుట్టుపూర్వోత్తరాలు సుత్తి దెబ్బల్లోనే వెతకాలి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు గ్లాడ్‌స్టోన్‌లో తయారైన పాత మార్బుల్స్ వేటకత్తికైతే అలుగు మీద కొట్టిన పేరే జాతకం చెబుతుంది. కొండ కత్తికి ఆ సౌకర్యం లేదు. అలుగు మీద చిన్న చిన్న పల్లాలు వేలికి తగులుతాయి. వెన్ను పిడి దగ్గర మందంగా ఉండి కొనకు పోయేకొద్దీ పలచబడుతుంది. కాడ దిగిన చోట చెక్క పగలకుండా పొన్ను బిగిస్తారు. లారీ కమాను పట్టీని సాగగొట్టి చేసినవీ ఉంటాయి. తుక్కు ఇనుమని వాటిని చిన్నచూపు చూడటం తెలియనితనం, ఆ ఉక్కు పదును బాగా నిలుపుతుంది. సానబెట్టి సానబెట్టి లోపలికి అరిగిన అంచు కత్తి ఎంత పనిచేసిందో చెబుతుంది. కట్టెలు కొట్టేదీ, పొదలు నరికేదీ, జీలుగు గెల కోసేదీ అదే కాబట్టి వేటకత్తి అనడం సగం నిజమే. మిగతా సగం వేట: చైత్రమాసపు ఇటుకల పండుగలో వేటకు వెళ్లడం ఇక్కడి గిరిజనుల ఆచారం. అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ వేటను ఒప్పుకోదు. పాత కత్తి చేతికొస్తే కాలం గడిచి దానికి పట్టిన గోధుమరంగును గరుకు కాగితంతో రుద్ది మెరిపించకండి; తడి తుడిచి, పలచగా నూనె రాస్తే చాలు.